ఐదు దోసిళ్ళ బియ్యం

పుంగనూరులో మా అంగడి బోర్డు మింద ‘ఏరిన బియ్యం దొరుకును’ అని ఎర్రక్షరాలతో రాసుంటాది. ఏరేది ఎవురో రాసుండదు. ఏరేది నేను, మునీశ్వరిని. పదకొండేండ్లుగా ఇంటి పని ముగించుకోని, దినామూ పొద్దన తొమ్మిదికంతా అంగడి వెనకుండే మా నడవలో చాట ముందరేసుకోని కూర్చుంటాను. రాళ్ళు ఒకపక్క, వడ్లు ఒకపక్క, పురుగు పట్టింది ఇంకోపక్క. నడుము పట్టేస్తాది, కండ్లు మండతాయి. టీచర్లు, బ్యాంకోళ్ళు, లాయరింటోళ్ళు వచ్చి మా ఇంటాయన్ని మెచ్చుకుంటారు. “జయచంద్రా, నీ బియ్యంలో రాయనేదే దొరకదు గదప్పా!” అంటారు. “మనకి క్వాలిటీ ముఖ్యం సార్” అంటాడాయన నగతా. ఆ మాట నడవలోకి బాగా వినపడతాది. మనకంట! కొత్తోళ్ళెవురన్నా “ఇంట్లో ఆమె ఏం చేస్తాదప్పా?” అని అడిగితే, “ఏమీ చెయ్యదు సార్, ఇంట్లోనే ఉంటాది” అని జవాబు చెప్పేది కూడా ఆయనే.

ఏరతా ఏరతా ఒక చిటికెడు నోట్లో వేసుకుంటాను. చిటికెడని అబద్ధం చెప్పేది యాల? గుప్పెడు. ఒక్కో దినం మూడు నాలుగు గుప్పిళ్ళు. పచ్చి బియ్యం. ఆడపిల్లోళ్ళందర్నీ చిన్నప్పుడు బెదిరిస్తారు గదా, బియ్యం తింటే పెండ్లిలో వాన పడతాదని. నా పెండ్లిలో చుక్క వాన పడలేదు. అప్పుడు నాకా అలవాటే లేదు. పిడుగులన్నీ పెండ్లయినాక పడినాయి.

మాయత్త బయ్యమ్మకి నా సంగతి తెలుసు. “అంగడి సరుకంతా ఎలక మాదిరిగా మేసేస్తాంది సూడండి” అంటాది చుట్టాల ముందర. వాళ్ళు నగతారు. నేనూ నగతాను. నగి, లోపలికి పోయి ఇంకో గుప్పెడు తింటాను. మానుకోవల్లని నాకు మాత్రం లేదా? ఎన్ని తూర్లు ఒట్టు పెట్టుకున్యాను! గంగమ్మకి మొక్కుకున్యాను. పండ్లు అరిగి చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటాయి. కడుపు ఉబ్బరం. బిందె నీళ్ళు మిద్దెక్కిస్తే ఎగశ్వాస. “సిగ్గులేని దానా, గడ్డి తినే నోరు నీది” అని నన్ను నేనే తిట్టుకుంటాను. తిట్టుకునే కొద్దీ చెయ్యి మళ్ళీ చాటలోకే పోతాది.

మధ్యాహ్నం రెండు గంటలకు ఆయన అన్నానికి లోపలికొస్తాడు. వచ్చే ముందర అంగడి షట్టరు సగం దించుతాడు. ఆ షట్టరు కర్రుమని దిగే శబ్దం వినపడితే చాలు, నా ఒళ్ళు నాది గాదు. గుండె దడదడమంటాది, అరచేతులు చెమట పడతాయి, లేచి నిలబడతాను, మళ్ళీ కూర్చుంటాను. చెయ్యి దానంతటదే బియ్యంలోకి పోతాది. పచ్చి బియ్యం నమిలితే తలకాయ లోపల కరకరకరమని ఒకటే శబ్దం. ఆ శబ్దంలో షట్టరు వినపడదు. చెప్పుల చప్పుడు వినపడదు. “యాడ సచ్చినావే” అనేది వినపడదు. నమిలినంతసేపూ నేను ఆ ఇంట్లో ఉండను. ఈ సంగతి చానాకాలం నాకే తెలీదు. రుచికి తింటాండాననే అనుకున్యాను.

ఇది యాడ మొదలయిందో చెప్తాను. తొంభై రెండులో నా పెండ్లయింది. మూడో నెల్లో అంగట్లోకి టీ తీసకపోతే, ఎవురో గిరాకీ ఏదో జోకేసినాడు. నాకు నగొచ్చింది, నగినాను. గిరాకీ పోయినాక మా ఇంటాయన నా చెంప పగలగొట్టినాడు. నా జన్మలో నన్నెవురూ కొట్టింది లేదు. పొద్దన్నే బస్సెక్కి కుప్పం పోయినాను. కుప్పానికి నాలుగు మైళ్ళలో మా ఊరు. మాయమ్మ సుభద్రమ్మ నా చెంప చూసింది. ఏమీ అడగలేదు. వేడినీళ్ళతో కాపడం పెట్టింది. సంగటి ముద్ద చేసి, చింతాకు పప్పు వేసి, పక్కన కూర్చోని తినిపించింది. ఇంగ బతికినాన్రా దేవుడా అనుకున్యాను.

మర్నాడు పొద్దన మా నాయన వెంకటరమణప్ప వసారాలో నించి “ఎనిమిదిన్నర బస్సుకేనా?” అన్న్యాడు. మాయమ్మ పీట వేసి, తూర్పు మొగంగా నన్ను కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం చాటలో తెచ్చింది. తమలపాకులు, వక్కలు, ఎండు కొబ్బెర గిన్నె, రవిక గుడ్డ. ఒడిబియ్యం పోసేదానికి! ఆడబిడ్డ మెట్టినింటికి తిరిగి పోయేటప్పుడు తల్లి వొళ్ళో ఐదు దోసిళ్ళు పోసి పంపుతాది, అది చల్లగా ఉండమని దీవెన. “ఆడబిడ్డ వట్టి వొడితో పోకూడదమ్మా. కొట్టితే కొట్టినాడు, కొత్తకోక పెట్టినాడు గదా” అనింది మాయమ్మ. నేను కొంగు పట్టినాను. పట్టకుండా ఏం చేస్తాను? పట్టకపోతే ఆ బియ్యం నేలపాలయితాది, అది అపచారమని నేర్పించింది కూడా ఆమే గదా.

బస్సులో ఆ మూట వొళ్ళో పెట్టుకోని కూర్చున్యాను. వి.కోట దాటినాక దిగిపోదామా అనిపించింది, దిగి యాడికి పోతాను? కొంగు ముడి విప్పి నాలుగు గింజలు నోట్లో వేసుకున్యాను. ఇంకో నాలుగు. పలమనేరు బస్టాండు వచ్చేసరికి రెండు దోసిళ్ళు అయిపోయినాయి. ఇల్లు చేరినాక మాయత్త మూట విప్పి చూసి, “ఇంతేనా పోసినారు మీ వాళ్ళు?” అనింది. తర్వాత నా మొగం చూసి, “పండ్లు పచ్చగా ఉండాయేమే?” అనింది. మిగిలిన బియ్యంతో పొంగలి చేసి మొగుడికి వడ్డించల్ల, అది ఆచారం. వడ్డించినాను.

రెండోతూరి తొంభై అయిదులో. నా కూతురు దీపికకు అప్పుడు ఏడాది. మీరు నమ్ముతారో లేదో, మా ఇంట్లో వండేది ఏరిన బియ్యం గాదు. ఏరిందంతా అంగట్లోకి పోతాది, నూకలు, అడుగుబొడుగు ఇంట్లోకొస్తాయి. ఆ పొద్దు చంకలో బిడ్డను పెట్టుకోని రెండు మూటలు ఏరినాను, ఇంటి బియ్యం ఏరేదానికి పొద్దు చాలలేదు. ఆయన పంటి కింద రాయి పడింది. “ఊరందరికీ ఏరిపెట్టి మొగుడికి రాళ్ళు పెడతావా!” అని పక్కనుండే పడి అందుకున్యాడు. పడి అంటే బియ్యం కొలిచే ఇనప పాత్ర. ఇప్పుడంతా కాటాలే గానీ, పాత గిరాకీల కోసం ఒకటి అట్టే పెట్టుకోనుండాడు. అది వచ్చి నా ఎడం చెవి మింద పడింది. వారం దినాలు చెవిలో జోరీగ తిరిగింది. ఇప్పటికీ ఆ పక్క సగమే వినపడతాది. బిడ్డనెత్తుకోని కుప్పం పోయినాను. మాయమ్మ చెవికి వెల్లుల్లి నూనె పోసింది. మర్నాడు ఐదు దోసిళ్ళు పోసింది. తొంభై తొమ్మిదిలో మూడోతూరి. మళ్ళీ పీట, మళ్ళీ చాట, మళ్ళీ ఐదు దోసిళ్ళు. ఆ తూరి నేను బస్సు కదలకముందే నమిలేది మొదలుపెట్టినాను.

రెండువేలల్లో ఆయన మాలేసినాడు. నలభై ఒక్క దినాలు నన్ను “మాతా” అని పిలిచినాడు. ఓయబ్బ, ఏం మర్యాద! ఏటా కొండకు పోయొస్తా ఊర్లో పెద్దమనిషైనాడు. పెద్దమనిషి పెండ్లాన్ని కొడితే బాగుండదు గదా, ఆ మొదటి మాలప్పట్నించే చెయ్యెత్తలేదు. “నీ పున్నెం కొద్దీ మొగుడు మారినాడు, ఇంగేం కావల్ల నీకు?” అనింది మాయత్త. నాకూ అదే ప్రశ్న. కొట్టనోడి షట్టరు చప్పుడికి నా గుండె యాల కొట్టుకోవల్ల? దెబ్బలు ఆగినాక కూడా నేనెందుకు కుదురుగా కూర్చోలేను? పొయ్యి ఆర్పినానా లేదా అని మూడుసార్లు చూస్తాను. ఉతికిన గుడ్డలే మళ్ళీ ఉతుకుతాను. లోపమంతా నాలోనే ఉండాదని తీర్మానం చేసుకున్యాను. ఇంకా ఎక్కువ తిన్న్యాను.

ఈ యేడు, అంటే రెండువేల మూడులో, మార్చి నెల. ఒంటిపూట బళ్ళు మొదలైనాయి. తొమ్మిదేండ్ల దీపిక పన్నెండున్నరకంతా ఇంటికొస్తాండాది. ఒక దినం మధ్యాహ్నం షట్టరు దిగిన చప్పుడయింది. పాత గిరాకీ ఎవురికో బియ్యం కొలిచిపెట్టమని ఆయన చెప్పుంటే, నేను పడి చేతబట్టుకోని కొట్టుగదిలోకి పోయినాను. మూటల సందులో దీపిక గొంతుక్కూర్చోనుండాది. బుగ్గలు ఉబ్బి ఉండాయి. నన్ను చూసి నమిలేది ఆపింది. పెదిమల మింద తెల్లగా బియ్యప్పిండి.

నాకు ఏమొచ్చిందో ఏమో. “ఏం రోగమే నీకు! తిండి లేదా ఇంట్లో! బియ్యం తింటావా, సిగ్గులేని దానా!” అని అరిచినాను. నా నోట్లో నించి వచ్చిన మాటలన్నీ నేను నన్ను తిట్టుకునేవే. అరుస్తానే చెయ్యెత్తినాను. చేతిలో ఆ ఇనప పడి ఉండాది. దీపిక టక్కున తన ఎడం చెవి అరచేత్తో మూసుకునింది.

ఆ బిడ్డను చెవి మింద ఎవురూ ఎప్పుడూ కొట్టలేదు. చెవి మింద కొట్టింది నన్ను. ఏ గిన్నె కిందపడినా నేను ఎడం చెవి మూసుకుంటానంట. ఆ సంగతి నాకు తెలీదు. దానికి తెలుసు.

చెయ్యి ఆగిందని చెప్పాలని ఉండాది నాకు. ఆగలేదు. ఆ పడే పోయి బిడ్డ భుజం మింద తగిలింది. బిడ్డ నోట్లోని బియ్యమంతా కక్కేసింది. నేను వెనక్కి తిరిగి నడవలోకి ఉరికి, చాట ముందర కూలబడి, అదే చేత్తో ఒక గుప్పెడు బియ్యం తీసి నా నోట్లో పోసుకున్యాను. అమ్మా! ఇంతకన్నా చెప్పుకోలేని పని నేను జన్మలో చెయ్యలేదు. ఆయన కొట్టినప్పుడు కూడా నా మింద నాకు అంత రోత పుట్టలేదు.

రెండు దినాల తర్వాత దాన్ని మదనపల్లెకు తీసకపోయినాను. పాపకు కడుపునొప్పి అని ఇంట్లో చెప్పినాను. “నట్టలుంటాయి, వాము తాగిస్తే పోతాది, దానికి మదనపల్లె యాల?” అని మాయత్త గొణిగింది. టమేటా లారీల వెనక మా బస్సు నత్త మాదిరిగా పోయింది. దీపిక కిటికీ పక్కన కూర్చునింది. దాని భుజం మింద కమిలిన మచ్చ గౌను చేతి కింద నించి కనపడతానే ఉండాది. నేను రెండు తూర్లు కొంగు కప్పినాను. రెండు తూర్లూ అది తీసేసింది.

డాక్టరమ్మ పెద్దామె. తల నెరిసింది, గొంతు గరుకు. దీపిక కనురెప్ప దించి చూసింది. నన్నూ దగ్గరికి రమ్మని నా కన్నూ చూసింది. “ఇద్దరికీ రక్తం లేదు. మట్టి తింటారా, బలపాలా, బియ్యమా?” అనింది.

నేను తల దించుకున్యాను. “బియ్యమమ్మా. చెడ్డ అలవాటు. మానుకోవల్లని...”

“చెడ్డదో మంచిదో నేనడగలేదు. ఎప్పుడు తింటారు?”

నన్ను అందురూ యాల తింటావని అడిగినోళ్ళే. ఎప్పుడు తింటావని ఎవురూ అడగలేదు. జవాబు దీపిక చెప్పింది. పొద్దన్నించి అది మాట్లాడిన మొదటి మాట. “మా నాయిన షట్టరు దించినప్పుడు. మాయమ్మా అప్పుడే తింటాది. మాయమ్మ నడవలో, నేను కొట్టుగదిలో.”

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. “తింటే ఏమవుతుంది పాపా?”

“వినపడదు” అనింది దీపిక.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నా పదకొండేండ్ల రోగాన్ని నా బిడ్డ ఒక్క ముక్కలో చెప్పేసింది. డాక్టరమ్మ దాని భుజం చూసి “ఇది?” అనింది. అబద్ధం సిద్ధంగానే ఉండాది, మెట్ల మింద పడిందని. “అది నేను” అన్న్యాను. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టుంటే నాకు సులభంగా ఉండేది. కుర్చీ నా దగ్గరికి లాక్కోని కూర్చునింది.

“రక్తం తక్కువైతే బియ్యం మీదికి నోరు పోతుంది, దానికి మాత్రలిస్తాను. భయానికి నా దగ్గర మాత్ర లేదమ్మా. ఇన్నేళ్ళు నీకు ఎవరూ దిక్కు లేనప్పుడు ఆ బియ్యం నీకు దిక్కయింది. దాన్ని తిట్టకు, నిన్ను తిట్టుకోకు. తిట్లు తిని ఎవరూ బాగుపడరు. తినబుద్ధయినప్పుడు, నీ బిడ్డ ఏడిస్తే ఏం చేస్తావో అది నీకు నువ్వు చేసుకో. కూర్చోబెట్టు. మంచినీళ్ళివ్వు. భయంగా ఉంది అని పైకి చెప్పు. వినేవాళ్ళు లేకపోతే గోడకి చెప్పు.” మాత్రలు రాసిన చీటీ ఇస్తా ఇంకో మాట అనింది. “కానీ పుండు మానాలంటే గీరేది ఆగాలి. అది నువ్వే ఆలోచించుకో.”

మదనపల్లె బస్టాండులో బెల్లం శనక్కాయ ఉండలు కొనుక్కోని ఇద్దురమూ సిమెంటు బల్ల మింద కూర్చున్యాము. నేను దీపికతో, “నిన్ను కొట్టింది తప్పు. నువ్వేమీ తప్పు చెయ్యలేదు. నేను చేసినాను” అన్న్యాను. పెద్దోళ్ళు పిల్లోళ్ళకి ఇట్ల చెప్పుకునేది మా ఇండ్లల్లో నేను వినలేదు. అయినా చెప్పినాను. అది సగం ఉండ నాకిచ్చి, “తినుమా, బస్సొస్తాది” అనింది.

ఆ తర్వాత అంతా చక్కబడిపోయిందనుకుంటారేమో, అదేం లేదు. మొదటి దినమే ఓడిపోయినాను. షట్టరు దిగింది, డాక్టరమ్మ మాట గాలికి పోయింది, గుప్పెడు నోట్లో పడింది. రెండో దినమూ అంతే. ‘నీ బతుకింతే’ అని తిట్టుకోబోయి ఆగినాను. తిట్టుకోకూడదు గదా! తిట్టుకోకుండా ఉండేది బియ్యం మానేదానికన్నా కష్టం నాయనా. మూడో దినం దీపిక వచ్చి నా పక్కన చాప మింద కూర్చునింది. షట్టరు కర్రుమనింది. దాని చెయ్యి వచ్చి నా చెయ్యి పట్టుకునింది.

“మా, నీకు భయమైతాండాదా?”

“అవును పాపా. భయమైతాండాది.”

“నాకూ.”

అంతే. చెంబులో నీళ్ళు చెరి సగం తాగినాము. శనక్కాయ ఉండ చెరి సగం తిన్న్యాము. గుండె దడ ఆగలేదు, కాకపోతే అది తగ్గేదాకా ఇద్దురమూ ఆడనే కూర్చున్యాము. ఆ దినం బియ్యం ముట్టలేదు. ఆ మర్నాడు ముట్టినాను. ఆ పై రెండు దినాలు ముట్టలేదు. ముట్టిన దినం, “పోనీలే మునీశ్వరీ, ఈ పొద్దు నీకు చానా భయమయింది” అని నాకు నేను చెప్పుకున్యాను. నా పేరు పెట్టి నన్ను అంత మెత్తగా పిలిచినోళ్ళు ఈ ఇంట్లో ఇంకెవురూ లేరు.

మాయత్త చెవులు నా మాదిరిగా సగం గావు, ఆమెకి రెండూ బాగా పనిచేస్తాయి. మేము చాప మింద కూర్చోని చెప్పుకునే మాటలు వినింది. “భయమంట! ఇంట్లో ఏమన్నా పులుండాదా? మూడేండ్లుగా నా కొడుకు చెయ్యెత్తిందే లేదు. మదనపల్లె డాక్టరు దగ్గర ఏమేమి కక్కొచ్చిందో!” అని కొడుకు చెవిలో వేసింది.

ఆ దినం ఆయన షట్టరు దించనేలేదు. అంగట్లో టీచరమ్మ, ఆమె చెల్లెలు బియ్యం కోసం నిలబడుండారు. ఆయన నడవ గడపలోకి వచ్చి నిలబడినాడు. “ఏమే, కడుపు సించుకుంటే కాళ్ళ మింద పడతాదని తెలీదా నీకు? ఇంటి పరువు మదనపల్లెలో పరిసొచ్చినావా? సెప్పు, నిన్ను కొట్టి ఎన్నాళ్ళయింది? ఎన్నాళ్ళయింది సెప్పు!”

“మూడేండ్లు.”

“మరి ఇంకా యాల ఏడుస్తాండారు తల్లీ కూతురూ? దేనికి భయం? దీనికా?” అని పడి తీసి, పైకెత్తి, బండల మింద వదిలేసినాడు. ఠంగుమనింది. నేనూ దీపికా ఒక్కసారే ఎడం చెవులు మూసుకున్యాము. ఆయన మా ఇద్దుర్నీ చూసి పకపకా నగినాడు. “ఓయబ్బ, సూడమ్మో, డ్రిల్లు చేస్తాండారు!” అని వాళ్ళమ్మను పిలిచి, పడి తీసి మళ్ళీ వదిలినాడు. మళ్ళీ ఠంగుమనింది. మళ్ళీ మా చేతులు లేచినాయి. మాయత్త కూడా నగింది. “ఆటకి వేసినాలేవే” అన్న్యాడు.

కొట్టలేదు. ఒట్టు, ఆయన మమ్మల్ని ముట్టుకోను కూడా లేదు. కానీ ఆయన నగు చూసినాక నాకు ఒకటి తేటగా అర్థమయింది. మా భయం ఆయనకి కనపడదని నేను ఇన్నాళ్ళూ అనుకుంటాండాను. కనపడతాది. కనపడే నగతాడు. గీరేది ఆగలేదు, గోరు మారింది అంతే.

నేను లేచి నిలబడినాను. “నాకు భయమైతాండాది” అన్న్యాను, అంగట్లోకి వినపడేటట్టు. టీచరమ్మ తలెత్తి చూసింది.

“ఎవురికి సెప్తాండావే?” అన్న్యాడు పండ్లు కొరకతా.

“నాకు నేను చెప్పుకుంటాండాను” అన్న్యాను. చాటలో ఏరింది, ఏరనిది అంతా కలిపి కుమ్మరించి, దీపిక స్కూలు బ్యాగులో రెండు జతల గుడ్డలు, డాక్టరమ్మ రాసిన మాత్రలు సర్దినాను. “పోతే పోనీరా, యాడికి పోతాది? నాలుగు దినాలకి వాళ్ళమ్మే పంపుతాది” అనింది మాయత్త వెనకనించి. మొదటిసారి ఆమె చెప్పింది నిజమేనని నాకూ తెలుసు. ఆ నిజం తలుచుకుంటానే బస్సెక్కినాను.

మాయమ్మ మమ్మల్ని చూసి ఏమీ అడగలేదు. ఎప్పుడూ అడగదు. తలంటు పోసేదానికని నా జుట్టు విప్పి నూనె రాస్తా, చెవి వెనక మచ్చ దగ్గర వేలు ఆపింది. “మాయమ్మ నాకు ఆరుతూర్లు ఒడిబియ్యం పోసింది” అనింది. మా నాయనా? వసారాలో కూర్చోని బస్సు టైము అడిగే మా నాయనా? వెనక్కి తిరిగి ఆమె మొగం చూడబోతే, “సుమ్మా ఉండు, కదలొద్దు, నూనె కండ్లల్లో పడతాది” అని తల ముందుకు తిప్పేసింది. ఆమె మింద నాకు పదకొండేండ్ల కోపం. పోయిందని చెప్పను. ఆమె ముంగిట్లో కూర్చోని, ఆ పాత చేతుల కింద తల వంచుకోని, మా ఇద్దురి కోసమూ ఏడ్చినాను.

మూడో దినం పొద్దన మా నాయన దగ్గినాడు. “ఎనిమిదిన్నర బస్సుకేనా?” అన్న్యాడు.

పీట పడింది. చాట వచ్చింది. పసుపు బియ్యం, తమలపాకులు, కొబ్బెర గిన్నె. నా కాళ్ళు నన్నడక్కుండానే పోయి పీట మింద కూర్చున్యాయి, తూర్పు మొగంగా. నా చేతులు కొంగు పట్టినాయి. ఎంత బాగా నేర్చుకోనుండాను! గుండె దడదడమంటాది. నోట్లో నీళ్ళూరతాండాయి, ఆ బియ్యం కోసం. బస్సు, వి.కోట, పలమనేరు, షట్టరు, అన్నీ నా వొళ్ళోకి వచ్చేదానికి సిద్ధంగా ఉండాయి. మాయమ్మ మొదటి దోసిలి ఎత్తింది.

అప్పుడు దీపిక వచ్చి నా పక్కన నేల మింద, నా మాదిరిగానే తూర్పు మొగంగా కూర్చునింది. గౌను అంచు రెండు చేతులా పట్టి వొళ్ళో పరిచింది.

“జేజీ, నాకూ పోస్తావా?”

మాయమ్మ చేతులు గాల్లోనే ఆగిపోయినాయి. వేళ్ళ సందుల్లో నించి గింజలు రాలతాండాయి. నేను కొంగు వదిలేసి ఆ రెండు చేతులూ కింద నించి పట్టుకున్యాను, బియ్యంతో సహా.

“అమ్మా, నాకు భయమైతాండాది. ఆ బియ్యం వొళ్ళో పోయొద్దు. ఎసట్లో పొయ్.”

ఆమె నన్ను చూసింది. బిడ్డ గౌను చూసింది. రోడ్డు మింద ఎనిమిదిన్నర బస్సు హారను వినపడింది. మా నాయన వసారాలో లేచి నిలబడినాడు. మాయమ్మ ఆ పక్క చూడలేదు. దోసిలి అట్లే పట్టుకోని, మెల్లిగా పొయ్యి దిక్కు తిరిగింది.

“ఎంతమందికి పొయ్యల్ల?” అనింది.

“మా ఇద్దురికీ కలిపి” అన్న్యాను. “దినామూ.”